క్షీణచంద్రుని శిరసున దాల్చిన స్వామి

పంచారామ క్షేత్రములలో ఒకటియైన సోమారామము మన భీమవరమున గునుపూడిలో వెలసియున్నది. అమరావతి, ద్రాక్షారామము, సామర్లకోట, పాలకొల్లు తక్కిన నాలుగు క్షేత్రములు. తారకాసురుని కంఠమునందలి శివలింగము కుమారస్వామి ఆయుధఘాతమునకు ఐదు శకలములై ఐదు తావుల పడినదనియు, ఇచ్చటి శకలమును చంద్రుడు ప్రతిష్ఠించి అర్చించెననియు స్థలపురాణము చెప్పుచున్నది. అందుచేతనే స్వామికి సోమేశ్వరుడని పేరు. పౌర్ణమినాడు తెల్లనై కనుపించు ఈ లింగము అమావాస్య నాటికి వన్నె మారి నల్లనగునని ప్రసిద్ధి. స్వామికి పై అంతస్తున అన్నపూర్ణాదేవి కొలువైయున్నది. కార్తికమాసమున ఈ గుడికి వచ్చు జనసందోహమును చూచినవారికి క్షేత్రమహిమను వేరుగ వర్ణింపనక్కరలేదు.

అయితే నేను చెప్పదలచినది కార్తికమును గూర్చి కాదు; మాఘ ఫాల్గుణములను గూర్చి. పరీక్షలు సమీపించు ఆ దినములలో మన దేవాలయములకు వేరొక విధమైన భక్తులు వత్తురు. వారందరును పదునైదు మొదలు పదునెనిమిదేండ్ల లోపు పిల్లలు. చేతిలో హాల్ టిక్కెట్టు, ఒక కలము. వాటిని స్వామి సన్నిధిని ఉంచి, తిరిగి తీసికొని, కన్నులు మూసి పెదవులు కదలించి, వడివడిగ వెడలిపోవుదురు. మూడు ప్రదక్షిణములు చేయుటకైనను వారికి తీరిక యుండదు.

కొన్ని ఏండ్ల క్రిందట అట్టి దినములలో ఒకనాటి సాయంకాలము నేను పురాణ కాలక్షేపము ముగించి మండపమున కూర్చుండియుంటిని. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్న ఒక కుఱ్ఱవాడు తండ్రితో కూడ వచ్చి నమస్కరించెను. అలవాటు చొప్పున తలమీద చేయి యుంచి, "మంచి రాంకు వస్తుంది బాబూ" అంటిని. తండ్రి మొగము వికసించెను. ఆయన కొబ్బరికాయ తెచ్చుటకు వెలుపలికి పోగానే ఆ పిల్లవాడు గొంతు తగ్గించి ఇట్లడిగెను: "పంతులుగారూ, రాకపోతే ఈ గుడికి మళ్ళీ రావచ్చాండీ?"

"అదేం మాట బాబూ, తప్పకుండా వస్తుంది" అని నవ్వి పంపివేసితిని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాంకు వచ్చునా రాదా యని ఆ బిడ్డ నన్ను అడుగలేదు. రానినాడు తనకు నిలువ నీడ యుండునా యని అడిగెను. అడుగని ప్రశ్నకు జవాబు చెప్పి, అడిగిన ప్రశ్నను విననట్లు పోనిచ్చితిని. పిమ్మట అతడు నాకు కనుపింపలేదు. ఎచ్చటనున్నను చల్లగ నుండుగాక. ఆనాడు అతనికి ఇయ్యవలసిన సమాధానమును ఇన్నాళ్ళకు ఈ వ్యాసరూపమున వ్రాయుచున్నాను.

శాపము - వరము

చంద్రునకును మనస్సునకును గల బంధుత్వమును వేదమే చెప్పినది. విరాట్పురుషుని మనస్సునుండి చంద్రుడు జన్మించెనని పురుషసూక్తము. జ్యోతిషమున చంద్రుడు మనఃకారకుడు. కావున చంద్రుని కథ మన మనస్సు కథయే యని భావించి వినవలెను.

దక్షప్రజాపతి తన కుమార్తెలను ఇరువదియేడుగురిని చంద్రునికిచ్చి పెండ్లి చేసెను. చంద్రుడు రోహిణియందే మక్కువ చూపగా తక్కినవారు తండ్రితో మొఱపెట్టుకొనిరి. దక్షుడు కోపించి, క్షయించిపొమ్మని శపించెను. చంద్రుడు దినదినము కృశింపసాగెను. అతని కాంతిచే పెరుగు ఓషధులు వాడిపోయెను. అప్పుడు చంద్రుడు ప్రభాసతీర్థము చేరి పరమేశ్వరుని శరణుజొచ్చెను.

ఈ కథలో మూడు విషయములను గమనింపవలెను. మొదటిది, చంద్రుడు తన క్షీణదశను దాచుకొనలేదు. తప్పు తనదేయని యెఱిగియు, ఆ రూపముతోనే పెద్దదిక్కు చెంతకు పోయెను. రెండవది, శివుడు శాపమును పూర్తిగ తుడిచివేయలేదు. పదునైదు దినములు తఱుగుట, పదునైదు దినములు పెరుగుట యని కట్టడి చేసెను. తఱుగుదలకు ఒక హద్దు ఏర్పడినది, అదియే వరము. మూడవది అన్నిటికంటె ముఖ్యము. పరమేశ్వరుడు శిరసున ధరించినది పూర్ణచంద్రుని కాదు. పదునారు కళలలో ఒక్క కళగ మిగిలిన చంద్రరేఖను ధరించి చంద్రశేఖరుడాయెను. లోకమంతయు పున్నమి చంద్రుని మెచ్చుకొనును. తఱిగిపోయినవానిని తలకెత్తుకొన్నవాడు శివుడొక్కడే.

మన యిండ్లలో జరుగుచున్నదేమి? బిడ్డ మొదటి రాంకు తెచ్చిననాడు తలకెత్తుకొందుము. వీధివీధిని ఫ్లెక్సీలు కట్టుదుము. బంధువులకు ఫోను చేసి చెప్పుదుము. మార్కులు తగ్గిననాడు అదే బిడ్డ కంచము ముందు కూర్చున్నను పలుకరింపము. ఇది పున్నమికి మాత్రమే పూజ చేయుట. సోమేశ్వరుని భక్తులకు ఇది తగదు.

శరీరము పలుకు భాష

ఒత్తిడి యనగానే అది బలహీనుల లక్షణమని పలువురి యభిప్రాయము. "మా కాలంలో ఇవన్నీ ఎక్కడివి?" అని పెద్దలు అనుచుందురు. మహాభారతమును చదివినవారు ఆ మాట అనరాదు. కురుక్షేత్రమున అర్జునునకు కలిగిన అవస్థను భగవద్గీత మొదటి అధ్యాయము వర్ణించినది. అవయవములు పట్టు తప్పినవి. నోరు ఎండిపోయినది. ఒడలు వణకినది, రోమములు నిక్కబొడుచుకొన్నవి. చర్మము మండినది. గాండీవము చేతినుండి జాఱినది. నిలువలేకపోయెను, మనస్సు గిఱ్ఱున తిరిగినది. పరీక్షామందిరమున ప్రశ్నపత్రము అందుకొన్న విద్యార్థి నడుగుడు. ఈ లక్షణములలో సగము తానును ఎఱుగుదునని చెప్పును. ముల్లోకములలో పేరుపొందిన విలుకానికే ఇది తప్పలేదన్నచో, పదునేడేండ్ల బిడ్డకు కలుగుటలో సిగ్గుపడవలసినదేమున్నది?

ఆధునిక వైద్యశాస్త్రము దీనికి కారణము చెప్పినది. ఆపద తోచినంతనే శరీరము అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను విడుదల చేయును. గుండె వేగము పెరుగును, కండరములు బిగియును, జీర్ణక్రియ మందగించును. పులి ఎదురైనపుడు పోరాడుటకో పారిపోవుటకో భగవంతుడు కల్పించిన రక్షణ ఇది. పులి వెడలిపోయినచో శరీరము మరల చల్లబడును. కాని నేటి పిల్లవానికి పులి వెడలిపోదు. వారపు పరీక్ష, గ్రాండ్ టెస్టు, ఎంసెట్ స్థానమున వచ్చిన ఈఏపీసెట్, జేఈఈ, నీట్ అని ఒకదాని వెనుక నొకటి గుమ్మమున నిలుచుండును. పైగా మంచిచెడ్డలను తూచి, ఆవేశమునకు పగ్గము వేయు మెదడు భాగము ఇరువదియేండ్లు దాటిన పిమ్మట గాని పూర్తిగ పరిణతి చెందదు. అనగా గుఱ్ఱమునకు బలము వచ్చినది, రౌతు ఇంకను నేర్చుకొనుచున్నాడు. ఆ దశలో నున్నవానిని కొరడాతో అదలించుట వివేకము కాదు.

ఒత్తిడి యంతయు చెడ్డదని నా మాటకు అర్థము కాదు. శ్రుతి చేయని వీణ పలుకదు. ఎర్క్స్, డాడ్సన్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1908లోనే ఎలుకలతో చేసిన పరీక్షల వలన, కష్టమైన పనిని నేర్చునపుడు ప్రేరణ ఒక మేరకు పెరిగినచో నేర్పు పెరుగుననియు, ఆ మేర దాటినచో నేర్పు తగ్గుననియు గ్రహించిరి. తీగను బిగింపవలసినదే, తెగునంతగ బిగింపరాదు.

మరియొక సంగతి. గీత మొదటి అధ్యాయమున శ్రీకృష్ణుడు పలికినది ఒక్క వాక్యమే; కూడియున్న కౌరవులను చూడుమని మాత్రమే. తక్కినదంతయు అర్జునుని దుఃఖమును వినుటయే. పదునేడు అధ్యాయముల ఉపదేశమునకు ముందు ఒక అధ్యాయము వినుటకు కేటాయింపబడినది. మన తండ్రులలో ఎందఱు మొదటి అధ్యాయమును పూర్తిగ విని రెండవ అధ్యాయము ప్రారంభించుచున్నారు?

చెరువుగట్టు మీది తండ్రి

మన ప్రాంతమున రొయ్యల చెరువు సాగు చేయు రైతునకు తెల్లవారుజాము ఎంత భయంకరమో తెలియును. రాత్రివేళ సూర్యరశ్మి లేక నీటిలో ప్రాణవాయువు తగ్గుచు వచ్చి, తెల్లవారుటకు ముందు మిక్కిలి క్షీణించును. అందుచేత అతడు ఒంటిగంటకు, మూడుగంటలకు లేచి గట్టుమీద నడచును. ఏరియేటర్లు ఆగినచో పరుగెత్తును. మబ్బు పట్టిన దినమున మేత తగ్గించును. చెరువు మోయగలిగినంత సీడు మాత్రమే వేయును. రొయ్య నీటి ఉపరితలమునకు తేలినచో, "ప్రక్క చెరువులో రొయ్య ఇట్లు తేలలేదే!" అని దానిని తిట్టడు. నీటిలో లోపమున్నదని గ్రహించి నీటిని సరిచేయును.

అదే రైతు ఇంటి మేడమీది గదిలో కుమారుడు తెల్లవారుజామున కన్నులు తెఱచి పైకప్పు చూచుచుండును. ఆ గదిలో ఊపిరి తగ్గుచున్నదని ఆ తండ్రికి తెలియదు. మబ్బు పట్టిన దినమున ఇంకొక ట్యూషను చేర్పించును. చెరువుపట్ల చూపిన వివేకమును బిడ్డపట్ల చూపిన చాలును. గురువుల యెడల గాని గ్రంథముల యెడల గాని ఇంతకు మించి నేర్చుకొనవలసినది లేదు.

ఈ మాట ఊరక చెప్పుట లేదు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట కొలది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. ఆ ఫలితముల నమోదులో తప్పులు దొరలినవని విచారణలో తేలినది. తెలుగు పరీక్షలో సున్న వచ్చినట్లు చూపబడిన ఒక విద్యార్థినికి, మరల పరిశీలింపగా 99 మార్కులు వచ్చినవి. పాఠకులు ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. సున్న వేసిననాడును, తొంబది తొమ్మిది వేసిననాడును ఆ బిడ్డ తెలివి ఒక్కటే, విలువ ఒక్కటే. కాగితము మారినది, బిడ్డ మారలేదు. లింగము పౌర్ణమికి తెల్లనై, అమావాస్యకు నల్లనై కనుపించినను స్వామి స్వామియే గదా! అమావాస్యనాడు అర్చన మానుదుమా?

మన రాష్ట్రమునకు సంబంధించిన ఒక వ్యాజ్యమున 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికిని వర్తించు మార్గదర్శకములను ప్రకటించినది. విశాఖపట్నమున నీట్ శిక్షణ పొందుచు 2023లో మరణించిన ఒక బాలిక విషయమున ఆ వ్యాజ్యము పుట్టినది. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల మనస్తత్వ సలహాదారుని ఒక్కరినైనను నియమింపవలెను. శిక్షణ కేంద్రములు మార్కులను బట్టి విద్యార్థులను వేరు వేరు బ్యాచీలుగ విడదీయుట, పదుగురిలో అవమానించుట, శక్తికి మించిన లక్ష్యములు విధించుట కూడదు. న్యాయస్థానము శాసించి చెప్పవలసివచ్చిన ఈ మాట, ఇండ్లలో మనమే పాటింపవలసిన ధర్మము.

పెద్దలు పాటింపవలసినవి

మన మొక్కులను ఒకసారి పరిశీలించుకొందము. "నీకు సీటొస్తే కొండకి నడిచి వస్తానని మొక్కుకున్నానురా" అని తల్లి ప్రేమతోనే చెప్పును. కాని ఆ మొక్కు ఋణము బిడ్డ భుజముల మీద పడును. సీటు రానిచో తాను తల్లికే కాదు, దేవునికి కూడ బాకీపడినట్లు భావించును. బిడ్డ ఆయురారోగ్యముల కొరకు మొక్కుకొనుడు. ఫలితము వెలువడక మునుపే ఆ మొక్కు తీర్చుడు. నేను సైతము ఆ సాయంకాలము తరువాత రాంకుల దీవెన మానితిని. "ఎట్లా వచ్చినా ఫలితాలనాడు గుడికి రా బాబూ, ప్రసాదం తీసుకెళ్ళు" అని చెప్పుచున్నాను.

ఇంట బిడ్డ నిద్ర, ఆకలి మారినను, స్నేహితులకు దూరమైనను, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టినను, "నేను లేకపోతే మీకే మేలు" అన్నను, దానిని నటనయని తీసివేయరాదు. ప్రక్కన కూర్చుండి, చచ్చిపోవలెనను తలంపు వచ్చుచున్నదా యని సూటిగ, మెల్లగ అడుగవలెను. అడిగినందువలన లేని తలంపు పుట్టదు. ఉన్న బరువు దిగును. అవునన్నచో ఆ బిడ్డను ఒంటరిగ విడువక వైద్యుని కడకు తోడుకొనిపోవలెను. మానసిక వైద్యుని చూచుట దైవభక్తికి లోపమని కొందఱు తలంతురు. జ్వరము వచ్చిన బిడ్డకు విభూతి పెట్టి, వైద్యునికి కూడ చూపుదుము గదా! మనస్సునకు మాత్రము వేరు న్యాయమేల? కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అను సహాయకేంద్రమును ప్రారంభించినది. దాని సంఖ్య 14416. రాత్రింబవళ్ళు, రుసుము లేకుండ, తెలుగులోనే మాట్లాడవచ్చును. బాలల సహాయమునకు 1098 అను సంఖ్యయు కలదు. పూజామందిరము గోడమీద పంచాంగము ప్రక్కన ఈ రెండు సంఖ్యలను వ్రాసియుంచుడు.

పిల్లలతో రెండు మాటలు

నాయనలారా, తల్లులారా! మీకు నేను చెప్పునవి కొద్దియే. గుండె దడదడలాడునపుడు కన్నులు మూసి, లోనికి నాలుగంకెలు లెక్కించునంత సేపు గాలి పీల్చి, ఆరంకెలు లెక్కించునంత సేపు మెల్లగ విడువుడు. ఇట్లు పదిమారులు చేసినచో గుండె నెమ్మదించును. మనస్సు గాలివంటిదని అర్జునుడు మొఱపెట్టుకొన్నపుడు, అభ్యాసముచే అది వశమగునని భగవానుడు చెప్పెను. కావున ఈ అభ్యాసమును పరీక్షనాటికి దాచియుంచక నేడే ప్రారంభింపుడు.

నిద్రను దొంగిలించి చదువకుడు. మీ వయస్సు వారికి రోజునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని నిపుణులు చెప్పుచున్నారు. పగలు చదివినది మెదడున నిలుచుట నిద్రలోనే జరుగును. మితమైన ఆహారము, మితమైన నిద్ర, మితమైన శ్రమ గలవానికే యోగము దుఃఖమును పోగొట్టునని గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది. పెద్ద పనిని చిన్న చిన్న పాళ్ళు చేసి, నేటి పాలును మాత్రమే నేడు తలకెత్తుకొనుడు. గోదావరి అంతయు ఒక్క పొలములోనికి రాదు. ధవళేశ్వరము వద్ద ఆగి, కాలువలై, పిల్లకాలువలై, బోదెలై వచ్చినందుననే మన చేలు పండుచున్నవి. వరద ఎక్కువైనచో గేట్లెత్తి సముద్రమునకు విడుతురు. దుఃఖము నిండినపుడు మీరును ఎవరితోనైనను మాట్లాడుడు, ఏడువుడు. అమ్మతో చెప్పలేనిచో అమ్మమ్మతో, నాన్నతో చెప్పలేనిచో మేనమామతో, వారితోను కాదన్నచో మాస్టారితోనో, పైన చెప్పిన సంఖ్యకో చెప్పుడు. చంద్రుడు చెప్పుకొనెను గనుకనే నిలిచెను.

చీకటి రాత్రి మీకు తోచిన ఆలోచనలను సత్యమని నమ్మకుడు. అమావాస్యనాడు చంద్రుడు లేడని ఎవడైన అన్నచో నవ్వుదుము. కనబడుటలేదు, అంతియే. సప్లిమెంటరీ పరీక్ష యున్నది. మరుసటి యేడు ఉన్నది. వేరొక చదువు ఉన్నది. చదువు గాని బ్రదుకుతెరువులును పెక్కు ఉన్నవి. మీరుండవలెను. తక్కినవన్నియు పిమ్మట వచ్చును.

విదియనాటి చంద్రుని చూచి బట్టనుండి ఒక నూలుపోగు తీసి సమర్పించుట మన పెద్దల ఆచారము. చంద్రునికో నూలుపోగు అను నానుడి అందుండియే వచ్చినది. పెద్దలు ఆ నూలుపోగును పున్నమి చంద్రునికి ఈయరు. అమావాస్య దాటి, సన్నని రేఖయై, ఇప్పుడే తల యెత్తినవానికి ఇత్తురు. ఫలితములు వెలువడిననాటి రాత్రి మీ యింట తలవంచుకొని కూర్చున్న బిడ్డకు ఒక ముద్ద కలిపి పెట్టుడు. ఒక మంచిమాట చెప్పుడు. అదియే మీరిచ్చు నూలుపోగు.

ఇక ఆ సాయంకాలము నన్నడిగిన బాబూ, నీకు నా జవాబు ఇది. రాంకు వచ్చినను రాకున్నను ఈ గుడికి రావచ్చును. రానినాడు మరింత తప్పక రావలెను. తఱిగినవానిని తలమీద పెట్టుకొన్న స్వామి ఇచ్చట నున్నాడు. పై అంతస్తున అన్నపూర్ణమ్మ తల్లి యున్నది. ఆమె ఎవరికిని మార్కులు చూచి అన్నము పెట్టదు.

స్వస్తి.